బొమ్మ ముందు నిలబడినోళ్ళకి ఏం కనపడతాది? గ్యాలరీ చూపు మీద ఒక విశ్లేషణ

క్లుప్తంగా

ఎగ్జిబిషన్‌లో ఒక పెయింటింగ్ ముందు పదిమంది నిలబడితే పదిమందికీ ఒకటే కనపడదు, అట్లా కనపడకపోవడం తప్పు కూడా కాదు. ఇంటి నుంచి మోసుకొచ్చిన జ్ఞాపకాలు, పక్కనోళ్ళ మాటలు, గోడకి అంటించిన లేబుల్, ఆఖరికి కాళ్ళ నొప్పులు కూడా కలిసే ఆ అర్థం తయారవుతాది. తిరుపతి, చిత్తూరు వైపు జనానికి బొమ్మని చూడ్డం కొత్త కాదు, దర్శనంలో ఒక రకంగా, కలంకారీ పటం ముందు ఇంకో రకంగా తరాల నుంచి చూస్తానే ఉన్నారు. గ్యాలరీలో తికమక పడేది చూడ్డం రాక కాదు, ఏ చూపు వాడాలో తెలీక.

"మాకేం అర్థం కాలా" ఎక్కడ మొదలవుతాది

ఒక మోడర్న్ పెయింటింగ్ ఫోటో వాట్సాప్ గ్రూపులో పడితే చాలు, కింద వచ్చే రిప్లైలు దాదాపు ముందే చెప్పేయొచ్చు. ఒకాయన "ఏందబ్బా ఇది, మా పిలకాయలు కూడా గీస్తారు" అంటాడు, ఇంకొకరు "దీని అర్థం ఏందో తెలిసినోళ్ళు చెప్పండి" అంటారు, మూడో మనిషి వచ్చి "కళకి అర్థం ఉండదు, ఎవరికి ఎట్లా అనిపిస్తే అదే" అని తీర్పు చెప్పి పోతాడు. రెండోదీ మూడోదీ ఎదురెదురు మాటల మాదిరి ఉన్నాయి గానీ రెండిట్లోనూ ఒకటే ఊహ ఉంది, అర్థం అనేది ముందే యాడో రెడీగా ఉండాల్సిన వస్తువు అని. ఉంటే ఆర్టిస్టు జేబులో ఉండాలి, అక్కడ లేకపోతే అసలు లేనట్టే.

ఈ ఊహ ఊరికే రాలేదు, తెలుగు క్లాసులో నేర్పించిందే. పద్యం ఇస్తారు, ప్రతిపదార్థం రాయాలి, తాత్పర్యం రాయాలి, "కవి హృదయం" ఇదీ అని గైడులో ఉన్నది ఉన్నట్టు దించితేనే మార్కులు. పదేళ్ళు అట్లా చదివినోళ్ళు గ్యాలరీలోకి అడుగు పెట్టగానే గోడ మీద ప్రతి ఫ్రేమూ ఒక ప్రశ్నపత్రం అయిపోతాది, జవాబు తనకి తెలీదు, పక్కన గడ్డం నిమురుకుంటా నిలబడిన మనిషికి తెలుసేమో అని అనుమానం, ఏదన్నా అంటే నవ్వుతారేమో అని భయం, దాంతో సగంమంది గబగబా ఒక చుట్టు తిరిగి బయట టీ అంగడి కాడ తేలతారు.

మ్యూజియంలు నడిపేవాళ్ళు కూడా చాలాకాలం ఇట్లాగే అనుకున్నారు. వస్తువులో విషయం ఉంది, దాన్ని జనం తలకెక్కించాలి, ఎక్కిందా లేదా అని చూడాలి, అంతే. 1980, 90ల్లో ఈ లెక్క మారింది. అమెరికాలో జాన్ ఫాక్, లిన్ డియర్కింగ్ అనే ఇద్దరు పరిశోధకులు 1992లో చెప్పింది ఏందంటే, మ్యూజియం అనుభవాన్ని మూడు కలిసి తయారు చేస్తాయి: వచ్చిన మనిషి తెచ్చుకున్నది, జతగా ఉన్న మనుషులు, ఆ చోటు. ఆ తర్వాత 1995లో లోయిస్ సిల్వర్‌మన్ ఇంకో అడుగు ముందుకేసి, వచ్చినోళ్ళు అర్థాన్ని అందుకోవడం లేదు, తయారు చేసుకుంటా ఉన్నారు అని వాదించింది. వినడానికి చిన్న తేడానే, కానీ ఆ తేడాతో అప్పటిదాకా "జనం తప్పుగా అర్థం చేసుకున్నారు" అని పక్కన పెట్టేసిన మాటలన్నీ చదవాల్సిన మాటలైపోయాయి.

27 సెకన్లు తక్కువా?

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో జెఫ్రీ స్మిత్, లీసా స్మిత్ ఒక పని చేశారు. బాగా పేరున్న ఆరు పెయింటింగుల ముందు జనం ఎంతసేపు నిలబడతా ఉన్నారో పక్కనుంచి టైం కట్టారు, మొత్తం 150 మందిని. 2001లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం సగటు 27.2 సెకన్లు, అది కూడా కొంతమంది చాలాసేపు నిలబడబట్టి, సగంమంది 17 సెకన్లు కూడా దాటలేదు. 2017లో చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో మళ్ళీ చూస్తే సగటు 28.63 సెకన్లు, సగంమంది 21 సెకన్లు దాటలేదు. ఈ మధ్యలో స్మార్ట్‌ఫోన్ వచ్చింది, సెల్ఫీ వచ్చింది, అయినా చూసే టైం పెద్దగా కదల్లేదు.

ఈ అంకెలు చూపించి జనానికి ఓపిక లేదు అని బాధపడేవాళ్ళు చాలామంది. తిరుపతిలో కూర్చుని చూస్తే ఆ బాధ అంత సులభంగా నిలబడదు. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో గంటలు గంటలు కూర్చుని, కంపార్ట్‌మెంట్ గేటు తీసినప్పుడల్లా లేచి, మళ్ళీ కూర్చుని, చివరికి బంగారు వాకిలి దాటి స్వామిని చూసేది ఎంతసేపు? కొన్ని సెకన్లు. చూపు నిలిచేలోపే "జరగండి జరగండి". అయినా బయటికొచ్చి "ఏం అర్థం కాలేదు" అని చెప్పిన మనిషి ఒక్కరూ ఉండరు, పైగా ఆ కొన్ని సెకన్లు ఏళ్ళ తరబడి గుర్తుంటాయి, "ఆ రోజు పూలంగి సేవ, నామం ఇట్లా పలచగా కనపడింది" అని ముసలామె మనవరాలికి చెప్తా ఉంటాది.

దర్శనమూ పెయింటింగ్ చూడ్డమూ ఒకటే అని కాదు. భక్తి సంగతి వేరు, దాన్ని ఇందులోకి లాగాల్సిన పని లేదు. కానీ టైం విషయంలో ఇక్కడొక మెకానిజం స్పష్టంగా కనపడతా ఉంది. చూపు చిన్నదే, చూపుకి ముందు జరిగింది పెద్దది: మొక్కుకోవడం, అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కడం, తలనీలాలు, స్నానం, క్యూలో పక్కనోళ్ళతో మాటలు. చూపు తర్వాత జరిగేది కూడా పెద్దదే: లడ్డు ఇంటింటికీ పంచడం, పంచేటప్పుడు చెప్పడం. ఆ కొన్ని సెకన్లని రెండు పక్కలా ఇన్ని పనులు మోస్తా ఉన్నాయి. గ్యాలరీలో 27 సెకన్లకి ముందు ఉన్నది పార్కింగ్, టికెట్టు, తర్వాత ఉన్నది ఇంకో పెయింటింగ్. కాబట్టి ఎంతసేపు చూశారు అనే ప్రశ్న ఒక్కటే పెట్టుకుంటే ఎక్కువ తెలీదు, దేని తర్వాత చూశారు, చూసినాక ఎవరికి చెప్పారు అనేవి కూడా కలిపితేనే లెక్క తేలతాది.

ద్రౌపది పటం ముందు ముగ్గురు

శ్రీకాళహస్తి కలంకారీ పటం ఒకటి ఎగ్జిబిషన్‌లో వేలాడదీశారు అనుకుందాం. పాత పద్ధతి పటం, మధ్యలో పెద్ద సీను, చుట్టూ వరసలు వరసలుగా గళ్ళు, గళ్ళ కింద తెలుగు అక్షరాలు. మధ్య సీను కౌరవ సభ. దుశ్శాసనుడు చీర లాగతా ఉన్నాడు, చీర చుట్టలు చుట్టలుగా నేల మీద పడతా ఉంది, పైన ఒక మూల నీలం ఒంటితో కృష్ణుడు.

మొదట ఒక పల్లెటూరామె వచ్చింది. ఆమె చూపు చీర మీద నిలవదు, నేరుగా ద్రౌపది తలమీదికి పోతాది. "జుట్టు విరబోసుకోనుందే, ఇంగ వాడు చచ్చిందాకా ముడెయ్యదు." పటంలో ఆ మాట యాడా రాసి లేదు. అది ఆమె ఊళ్ళో ధర్మరాజుల గుడి, అంటే పాండవులకీ ద్రౌపదికీ కట్టిన గుడి, కాడ నుంచి వచ్చింది. చిత్తూరు వైపు పల్లెల్లో ఎండాకాలం మహాభారత ఉత్సవాలు ఎట్లా జరుగుతాయో తెలిసిందే, పగలు హరికథ, రాత్రికి వీధి నాటకం, రోజుకొక ఘట్టం, చివర్లో మట్టితో నేలమీద పడుకోబెట్టిన మాదిరి ఇంతెత్తు దుర్యోధనుడిని చేసి వధ జరిపిస్తారు, అప్పుడుగానీ ద్రౌపది శపథం తీరదు. ఏడేడు సార్లు ఆ నాటకం చూసిన కళ్ళకి పటంలో విప్పిన జుట్టు అంటే ఇంకా పదిరోజులు మిగిలున్న కథ. అంటే బొమ్మలో ఒకటే క్షణం ఉన్నా ఆమెకి అందులో ముందూ వెనకా మొత్తం కాలం కనపడతా ఉంది.

రెండోది ఒక ఇంజనీరింగ్ పిల్లోడు. భారతం సీరియల్‌లో కాస్త తెలుసు, గుడి కాడ నాటకం ఎప్పుడూ చూడలేదు. వాడి కళ్ళు చీర మీదే ఆగిపోతాయి, ఆ చుట్టలు ఒకదానిలోంచి ఒకటి వస్తా ఉన్న తీరు, స్ప్రింగ్ మాదిరి, ఎక్కడ మొదలో ఎక్కడ చివరో దొరకదు, ఎర్రటి నేపథ్యంలో అదొక్కటే కదులుతా ఉన్నట్టుంది. వాడికి కథ తక్కువ, గీత ఎక్కువ.

మూడోది రంగుల పని చేసే ఇంట్లో పుట్టిన మనిషి. దగ్గరికి పోయి ముక్కు ఆనించినంత పని చేసి గుడ్డ చూస్తాడు. కలంకారీకి బొమ్మ గీయకముందే గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెడతారు, కరక్కాయ వల్ల రంగు పట్టుకుంటాది, పాలల్లో కొవ్వు వల్ల రంగు పాకకుండా నిలబడతాది, తర్వాత చింతపుల్లల బొగ్గుతో స్కెచ్చి, బెల్లమూ తుప్పు పట్టిన ఇనుమూ నానేసి తీసిన నలుపుతో వెదురు కలం పట్టి గీత. ఈ మనిషి దుశ్శాసనుడి మోచెయ్యి కాడ వేలు చూపించి "ఈడ నలుపు పాకింది చూడు, పాలు సరిగా పట్టలేదు" అంటాడు. అదే గుడ్డ, అదే గీత, ఆయనకి అక్కడ కనపడింది ఒక ఎండపూట స్వర్ణముఖి ఏట్లో గుడ్డ ఉతికిన పని.

ముగ్గురిలో ఎవరిది కరెక్టు అనే ప్రశ్న ఇక్కడ పనికిరాదు. జుట్టు పటంలో ఉంది, చుట్టలు ఉన్నాయి, పాకిన నలుపు ఉంది, ఏదీ ఎవరూ కల్పించింది కాదు. ఎవరి బతుకు ఏ మూలకి టార్చిలైటు వేస్తే ఆ మూల వెలిగింది. ముగ్గురూ ఒకేసారి అక్కడ ఉండి పైకి మాట్లాడుకుంటే మాత్రం విచిత్రం జరుగుతాది, ఇంజనీరింగ్ పిల్లోడు ఇంగ ఆ జుట్టుని చూడకుండా ఉండలేడు.

వాసన అనే పాత మాట

ఇదంతా పడమటి దేశాల వాళ్ళు ఈ మధ్య కనిపెట్టినట్టు చెప్తారు గానీ, మన దగ్గర రసం, అంటే కళని చూసేవాడి మనసుకి దక్కే రుచి, గురించి రాసినవాళ్ళు ఎప్పుడో దీని చుట్టే తిరిగారు. కాశ్మీరులో వెయ్యేళ్ళ కిందట అభినవగుప్తుడు నాటకం చూసేవాడి సంగతి చెప్తా రెండు మాటలు వాడాడు. ఒకటి సహృదయుడు, అంటే చూసేదానికి తన గుండెని అద్దం మాదిరి తుడిచి పెట్టుకున్నవాడు. రెండోది వాసన, అంటే మనిషిలో ముందునుంచే అణిగి ఉన్న అనుభవాల జాడ. ఆ జాడ లేనోడికి ఎంత గొప్ప నాటకమైనా కట్టె మీద వాన పడ్డట్టే. ఆయన కంటే ముందే భట్టనాయకుడు ఇంకో షరతు పెట్టి ఉన్నాడు, సాధారణీకరణం: చూసేవాడి దుఃఖం ఇది నా దుఃఖం అని గట్టిగా అంటుకుని ఉన్నంతసేపు అది రసం కాదు, కొంచెం విడిపడి అందరిదీ అయినప్పుడే రసం.

ఈ రెండూ కలిపి చూస్తే సొంత అర్థం అనే మాట మీద ఉన్న గొడవ చాలావరకు విడిపోతాది. సొంత జ్ఞాపకం లేకుండా బొమ్మ లోపలికి రాదు, జ్ఞాపకం ఒక్కటే మిగిలితే బొమ్మ బయటే ఉండిపోతాది. పెయింటింగ్‌లో పల్లె ఇల్లు చూసి "మా అవ్వ ఇల్లు" అని మొదలుపెట్టి అరగంట అవ్వ గురించే చెప్పుకుంటా పోతే అది అవ్వ కథ, మళ్ళీ బొమ్మ వైపు తిరిగి "మా అవ్వ ఇంటికి వాకిలి ఇట్లా మూసి ఉండేది కాదే" అని గమనించినప్పుడు బొమ్మ కూడా మాటల్లోకి వస్తాది.

మెదడు స్కానింగ్ చేసినవాళ్ళకి కూడా దీనికి దగ్గరగా ఒకటి దొరికింది. 2012లో ఎడ్వర్డ్ వెసెల్, ఆయనతో పనిచేసినవాళ్ళు 16 మందికి 109 పెయింటింగులు చూపించి ఎంత కదిలించాయో 1 నుంచి 4 దాకా మార్కులు వెయ్యమన్నారు. మొదటి సంగతి, ఏ పెయింటింగ్ కదిలించింది అనే దాంట్లో ఒకరికీ ఒకరికీ పొంతన చాలా తక్కువ. రెండోది ఇంకా ఆసక్తి కలిగించేది, బయట వస్తువు మీద దృష్టి పెట్టినప్పుడు మామూలుగా అణిగిపోయే ఒక మెదడు వ్యవస్థ ఉంది, మనిషి తన గురించి తాను ఆలోచించుకునేటప్పుడు పనిచేసేది, అది 4 మార్కులు వేసిన పెయింటింగుల దగ్గర మాత్రమే పైకి లేచింది. 3 వేసిన వాటి దగ్గర లేదు. అంటే బాగా తాకిన బొమ్మ బయటా లోపలా ఒకేసారి చూపిస్తా ఉంది.

వాసనకి ఒక చవక రూపం కూడా ఉంది, దాని పేరు అలవాటు. పదే పదే కనపడింది నచ్చడం మొదలవుతాది అని రాబర్ట్ జాయన్స్ 1968లో చూపించాడు. తెలుగు ఇళ్ళల్లో లక్ష్మీదేవి అనగానే తామరపువ్వు మీద నిలబడి, చీర కట్టుకుని, పక్కన ఏనుగుతో ఉన్న రూపమే మనసులో మెదలడానికి కారణం 1894లో రాజా రవివర్మ పెట్టిన ప్రెస్సూ, ఆ తర్వాత వందేళ్ళు అంగళ్ళు ఊరికే పంచిన క్యాలెండర్లూ. చెన్నైలో ఎగ్మోరు మ్యూజియంకి పోయి రవివర్మ ఒరిజినల్ ముందు నిలబడిన చిత్తూరు మనిషి "అబ్బ, ఎంత బాగుందో" అన్నప్పుడు అందులో పెయింటింగ్ వాటా ఎంత, వంటింటి గోడమీది క్యాలెండర్ వాటా ఎంత అనేది విడదీయడం ఎవరి తరమూ కాదు.

పక్కనున్న బోర్డు ఏం చేస్తాది

చాలామంది పెయింటింగ్ కంటే ముందు లేబుల్ చూస్తారు. తప్పేం కాదు, బొమ్మకి ఒక దారి కావాలి. కానీ లేబుల్ చేసే పని రెండంచుల కత్తి. హెల్ముట్ లెడర్, ఆయన సహచరులు 2006లో పెయింటింగులకి పేర్లు మార్చి మార్చి చూపించి పరీక్ష చేశారు. ఉన్నది ఉన్నట్టు చెప్పే పేరు కాకుండా ఒక అర్థాన్ని సూచించే పేరు పెడితే అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్, అంటే గుర్తుపట్టే ఆకారం లేని పెయింటింగ్, అర్థమైంది అనే భావన పెరిగింది, నచ్చడం మాత్రం పెరగలేదు. ఇంకో సంగతి, ఒక్క సెకను చూపించినప్పుడు ఉన్నదున్నట్టు పేరు ఎక్కువ సాయం చేసింది, పది సెకన్లు చూపించినప్పుడు అర్థం సూచించే పేరు. అంటే ముందు ఏముందో తేల్చుకోవాలి, తర్వాతే ఎందుకుందో.

ఇక్కడి ఎగ్జిబిషన్లలో లేబుల్ కథ ఇంకా వేరే. ఒకటి, ఇంగ్లీషులోనే ఉంటాది. లేదంటే తెలుగులో ఉంటాది గానీ "నైరూప్య చిత్రకళలో అంతర్లీన చైతన్య ఆవిష్కరణ" మాదిరి ఉంటాది, చదివినోళ్ళకి పెయింటింగే నయం అనిపిస్తాది. శ్రీకాళహస్తి పటంలో అక్షరాలు బొమ్మ కిందే, బొమ్మలో భాగంగా, అది గీసిన చేత్తోనే ఉంటాయి, కన్ను గడి నుంచి గడికి పేజీ చదివినట్టు పోతాది. ఆ అలవాటున్న కంటికి "పేరు లేదు, కాన్వాస్ మీద ఆయిల్, 3 అడుగులు x 4 అడుగులు" అనే బోర్డు చేతికి ఏమీ ఇవ్వదు. కొలతలు చెప్పడం కొనేవాడికి పనికొస్తాది, చూసేవాడికి కాదు.

ఎవరితో వచ్చారు, ఎందుకొచ్చారు

జాన్ ఫాక్ తర్వాత చేసిన పనిలో మ్యూజియంకి వచ్చేవాళ్ళని వయసు, చదువు, ఊరు బట్టి కాకుండా ఆ రోజు ఎందుకొచ్చారు అనేదాన్ని బట్టి విడదీశాడు. కొత్తది తెలుసుకోవాలని వచ్చినోళ్ళు, పిల్లలకో చుట్టాలకో చూపించడానికి వచ్చినోళ్ళు, ఆ రంగంలో పనున్నోళ్ళు, పేరున్న చోటు కాబట్టి ఒకసారి చూసేద్దాం అనుకున్నోళ్ళు, కాస్త ప్రశాంతత కోసం వచ్చినోళ్ళు. ఒకే మనిషి ఒక్కో రోజు ఒక్కో రకం.

చంద్రగిరి కోటలో రాజమహల్ మ్యూజియంకి వచ్చేవాళ్ళని కాసేపు గమనిస్తే ఈ ఐదు రకాలూ మధ్యాహ్నం లోపు కనపడతారు, మూడో రకం కాస్త తక్కువ. ఎక్కువమంది తిరుమల దర్శనం అయిపోయి, ట్రైనుకి ఇంకా టైం ఉండి, ఆటోవాళ్ళ మాట మీద వచ్చినోళ్ళు. వాళ్ళకి రాతి విగ్రహాలు, కంచు విగ్రహాలు అన్నీ యాత్రలో ఇంకో మజిలీ. పిల్లల్ని తీసుకొచ్చిన అమ్మకి బొమ్మ ముందు జరిగేది వేరే, ఆమె తనకోసం చూడదు, పిల్లోడు అడిగేదానికి జవాబు వెతుక్కుంటా చూస్తాది. "అమ్మా, ఈయనకి చెయ్యి ఎందుకు లేదు?" "విరగ్గొట్టినారు నాయనా." "ఎవురు?" ఆ రెండో ప్రశ్నతో అమ్మ కూడా మొదటిసారి ఆ విరిగిన చెయ్యి వైపు చూస్తాది. కుటుంబాల మధ్య ఇట్లా జరిగే మాటల్లోనే అర్థం ఎక్కువ భాగం తయారవుతాది. గ్యాలరీల్లో నిశ్శబ్దం పాటించండి అనే బోర్డు దానికి ఎంత అడ్డమో పెట్టినవాళ్ళు ఆలోచించినట్టు లేదు.

ఫోన్, కాళ్ళు

లిండా హెంకెల్ 2014లో అచ్చయిన పరిశోధనలో విద్యార్థులని ఒక మ్యూజియం తిప్పి కొన్ని వస్తువుల్ని ఊరికే చూడమని, కొన్నిటిని ఫోటో తియ్యమని చెప్పింది. మర్నాడు అడిగితే మొత్తం వస్తువుని ఫోటో తీసిన వాటి గురించి తక్కువ గుర్తుంది. అదే జూమ్ చేసి ఒక భాగాన్ని తీసినప్పుడు మాత్రం జ్ఞాపకం దెబ్బ తినలేదు, జూమ్ చెయ్యని భాగం కూడా గుర్తుంది. ఫోన్ చెడ్డది అని తేల్చేసేవాళ్ళకి ఈ రెండో సగం ఎప్పుడూ వినపడదు. కెమెరాకి అప్పజెప్పేస్తే మెదడు పని మానేస్తాది, కెమెరాతో వెతికితే ఇంకా చూస్తాది.

కాళ్ళ సంగతి ఇంకా పాతది. 1916లోనే బెంజమిన్ గిల్మన్ మ్యూజియంలో జనం అలసిపోయేది మనసు వల్ల కాదు, అద్దాల పెట్టెలు, లేబుళ్ళు పెట్టిన ఎత్తు వల్ల అని ఒక మనిషిని వంగబెట్టి, కూర్చోబెట్టి, మెడ తిప్పించి ఫోటోలు తీసి చూపించాడు. వందేళ్ళయినా మోకాళ్ళ ఎత్తులో లేబుళ్ళు పెట్టేవాళ్ళు ఉండనే ఉన్నారు.

చేతులెత్తి మొక్కాలా, తల వంచి చదవాలా

ఈ ప్రాంతంలో గ్యాలరీ చూపుకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇదే, దీన్ని కాస్త నిదానంగా చూడాలి. మ్యూజియం అద్దం వెనక విష్ణుమూర్తి కంచు విగ్రహం ఉంది. వచ్చినోళ్ళల్లో కొంతమంది చెప్పులు పక్కన విడుస్తారు, కళ్ళకద్దుకుంటారు, హుండీ లేకపోయినా ఒక రూపాయి అద్దం అంచున పెడతారు. గార్డు వచ్చి "ఇది గుడి కాదమ్మా" అంటాడు. నిజమే, గుడి కాదు, పూజ లేదు. అయినా చూసే మనిషికి ఆ విగ్రహం తనని చూస్తా ఉంది. దర్శనం అంటే అంతే, చూడ్డంతో పాటు చూడబడటం. మ్యూజియం చూపు ఒకవైపే పోతాది, వస్తువు నిద్రపోతా ఉంది అనుకుని దాని కాలం, లోహం, శైలి లెక్కపెడతాది.

ఈ రెండు చూపులూ ఒకే రాయి మీద ఎట్లా కలిసి బతుకుతాయో చూడాలంటే ఏర్పేడు దగ్గర గుడిమల్లం పోవాలి. పరశురామేశ్వర స్వామి గుడిలో లింగం దాదాపు 5 అడుగుల ఎత్తు, దాని ముందు భాగంలో కింద ఒక యక్షుడి భుజాల మీద నిలబడిన శివుడు, చేతుల్లో పొట్టేలు, చిన్న కుండ, భుజానికి పరశువు. క్రీస్తుకు పూర్వం నాటిదని ఎక్కువమంది చరిత్రకారులు ఒప్పుకునే శిల్పం, మనిషి రూపంలో శివుడు కనపడే అతి పాతవాటిలో ఒకటి. గుడి పురావస్తు శాఖ రక్షణలో ఉంది, లోపల అర్చన జరుగుతా ఉంది. శిల్పకళ చదివే విద్యార్థి యక్షుడి చెవుల ఆకారం చూస్తాడు, పక్కనే ఊరామె పిల్లోడి జ్వరం తగ్గాలని మొక్కుకుంటా ఉంటాది, అర్చకుడు ఇద్దరికీ ఒకటే హారతి చూపిస్తాడు. ఎవరి చూపు ఇంకొకరి చూపుని కొట్టెయ్యడం లేదు. అదే రాయిని ఎత్తి అద్దాల గదిలో పెడితే ఒక చూపు బలపడతాది, ఇంకోటి చెప్పులు విడవాలా వద్దా అని తడబడతాది.

ఈ తడబాటే పెయింటింగ్ ఎగ్జిబిషన్‌లో కూడా పనిచేస్తాది. దేవుడి బొమ్మ కనపడగానే దర్శనం చూపు తనంతట తానే ఆన్ అవుతాది, దేవుడి బొమ్మ కాకపోతే పటం కథ చదివే చూపు వస్తాది, కథా లేకపోతే క్లాసురూం చూపు మిగిలింది, దానికి జవాబు దొరకదు, "అర్థం కాలా". నాలుగో చూపు ఒకటుంది, రంగుని రంగుగా, గీతని గీతగా కాసేపు ఉండనిచ్చే చూపు. అది లేదు అనడం కూడా అన్యాయమే, సంక్రాంతి నెల్లో ముగ్గు చుక్కలు చూసి ఎక్కడ తప్పిందో అరక్షణంలో చెప్పే ఆడవాళ్ళు ఏ అర్థమూ అడక్కుండానే చూస్తా ఉన్నారు. వాళ్ళకి ఆ చూపు వాకిట్లో పనికొస్తాది, గ్యాలరీలో కూడా అదే వాడొచ్చు అని ఎవరూ చెప్పలేదు, అంతే.

అట్లయితే ఏమైనా అనుకోవచ్చా

అనుకోవచ్చు, కానీ బొమ్మ కూడా ఎదురు చెప్తాది. ఒక ఫోటో తీసుకుందాం. ఒంటినిండా తెల్లగా పూసుకుని, మెడలో దండలు, చేతిలో వేపరొట్ట పట్టుకున్న ఒక యువకుడు. ఢిల్లీ నుంచి వచ్చినాయన చూసి అఘోరా అనుకుంటాడు, బూడిద అనుకుంటాడు, చావు గురించిన ఫోటో అనుకుంటాడు. తిరుపతి మనిషికి చూడగానే తెలుసు, గంగమ్మ జాతరలో బైరాగి వేషం, అది బూడిద కాదు నామకొమ్ము, అంటే నామాలు పెట్టుకునే తెల్ల సుద్ద, మర్నాడు బండ వేషానికి కుంకుమ, ఆ తర్వాత తోటి వేషానికి బొగ్గు. ఆడవాళ్ళని వేధించిన పాలెగాడిని చంపేదానికి గంగమ్మ వేషాలు మార్చుకుంటా వెతికిన కథ అంతా ఆ తెలుపు వెనక ఉంది.

ఢిల్లీ ఆయన చదివింది ఇక్కడ పొరపాటే, వేపరొట్ట ఆయన లెక్కలో ఇమడలేదు, దాన్ని పట్టించుకోకుండా పోయాడు. సొంత అర్థానికి హద్దు అక్కడుంటాది, బొమ్మలో ఉన్నదాన్ని తొక్కుకుంటా పోయినప్పుడు. కానీ కథ అక్కడితో అయిపోదు. అదే జాతరలో చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, మీసంతోనే నిలబడిన మగాయన ఫోటో ఇంకోటి ఉంటే తిరుపతి మనిషి "మొక్కు" అని ఒక్క మాటతో ముందుకి నడుస్తాడు, బయటాయన ఆగిపోయి "మగవాళ్ళు ఎందుకు ఆడవేషం వేస్తారు, అమ్మవారి ముందు మగతనం ఎందుకు విప్పి పెట్టాలి" అని అడుగుతాడు. తెలిసిన కన్ను త్వరగా చదువుతాది, త్వరగా మూసేస్తాది కూడా.

గ్యాలరీ మాటల్ని దారిలో పెట్టడానికి ఎక్కువగా వాడే పద్ధతి ఒకటి అబిగైల్ హౌసెన్, ఫిలిప్ యెనవైన్ కలిసి తయారు చేసింది. హౌసెన్ ఏళ్ళ తరబడి జనాన్ని బొమ్మల ముందు మాట్లాడించి, చూడ్డంలో ఐదు దశలు గుర్తించింది, అందులో మొదటి దశ కథ చెప్పేవాళ్ళు, సొంత బతుకులోంచి కథ అల్లేవాళ్ళు. ఆ దశని ఆమె లోపంగా చూడలేదు, అక్కడి నుంచే మొదలుపెట్టాలి అంది. పద్ధతి మూడు ప్రశ్నలు: ఈ బొమ్మలో ఏం జరుగుతా ఉంది? ఏం చూసి నీకట్లా అనిపించింది? ఇంకా ఏం కనపడతా ఉంది? అసలు బలం రెండోదాంట్లో ఉంది. అది మనిషిని తప్పు అనకుండానే మళ్ళీ బొమ్మ వైపు తిప్పుతాది. ఢిల్లీ ఆయన్ని "ఏం చూసి అఘోరా అనిపించింది?" అని ఒక్కసారి అడిగితే వేపరొట్ట తనంతట తానే బయటపడతాది.

ఇకమీదట ఏం మారొచ్చు

ఎగ్జిబిషన్ పెట్టేవాళ్ళ దగ్గర ఇప్పటికే క్యూఆర్ కోడ్‌లు వచ్చేశాయి, ఫోన్ పెట్టగానే ఏఐ గొంతు బొమ్మ గురించి గడగడా చెప్పేస్తాది. దీనివల్ల తాత్పర్యం దొరకడం సులభం అవుతాది, క్లాసురూం చూపు ఇంకా గట్టిపడే ప్రమాదం కూడా ఉంది, ఎందుకంటే జవాబు జేబులోనే ఉంటే ఎవరూ ద్రౌపది జుట్టు దాకా పోరు. అదే టెక్నాలజీ ముందు ప్రశ్న అడిగి, మనిషి ఏదన్నా చెప్పినాక సమాచారం ఇచ్చేట్టు పెడితే వేరే మాదిరి పనిచేస్తాది. ఖర్చు లేని మార్పులు కూడా ఉన్నాయి: వంద పెయింటింగులు గోడ నిండా కుక్కడం కన్నా ముప్పై పెట్టి మధ్యలో రెండు బెంచీలు వెయ్యడం, లేబుల్‌లో కొలతలకి బదులు జనం మాట్లాడే తెలుగులో రెండు వాక్యాలు, నిశ్శబ్దం బోర్డు తీసెయ్యడం.

గ్యాలరీ దాటినాక కూడా ఈ పని ఆగదు. శ్రీకాళహస్తి నుంచి కొనుక్కొచ్చిన పటానికి ఇంట్లో చోటు వెతికేటప్పుడు మళ్ళీ మొదలవుతాది. హాల్లో సోఫా పైన తగిలించాలని కొడుకు, దేవుడి గదిలో పెట్టాలని తల్లి. హాల్లో అయితే దుమ్ము పడకుండా అద్దం వేయించాలి, వచ్చినోళ్ళు ఎంత పడింది అని అడుగుతారు. దేవుడి గదిలో అయితే అద్దం అక్కర్లేదు గానీ దీపం పొగకి గుడ్డ నల్లబడతాది. చివరికి అద్దం వేయించి దేవుడి గదిలోనే పెడతారు, శుక్రవారం శుక్రవారం తల్లి అద్దం మీదే, సరిగ్గా కృష్ణుడి నుదుటి ఎదురుగా, కుంకుమ బొట్టు పెడతాది, పక్కనుంచి చూస్తే బొట్టు ఒకచోట, నుదురు ఇంకోచోట.